పొద్దుగూకేదాకా అంటు

దొమ్మరోగంతో చచ్చిన బర్రె మాంసం తిని కురుమయ్య కూతురు సాలమ్మ చనిపోయింది.

ఆ బర్రె దొర ఉండే కోట లాంటి ఇంటిది, గడిలోది. రాచకుంట దొర కొట్టంలో ఏ గొడ్డు చచ్చినా మాదిగపల్లె వాళ్లే ఈడ్చుకుపోవాలి. తోలు వొలిచి, లంద అనే పెద్ద కుండలో నానబెట్టి, గడికి చెప్పులూ మోట బొక్కెనలూ కుట్టి ఇవ్వాలి. అది వెట్టి. దానికి కూలి లేదు, ఆ మాంసమే కూలి. ఆ ఏడు వానలు లేవు. యుద్ధం పేరు చెప్పి సర్కారు వాళ్లు ఉన్న నాలుగు గింజలూ లెవీ కింద ఊడ్చుకుపోయారు. అందుకే మాంసం దొరికిందని పల్లె అంతా సంబరపడింది. కురుమయ్య తల్లి సుక్కమ్మ మెత్తటి ముక్కలు ఏరి మనుమరాలి నోట్లో పెట్టింది. తెల్లారేసరికి పిల్ల ఒళ్లు కాలిపోయింది. పొద్దు తిరిగేలోపే ప్రాణం పోయింది.

కురుమయ్యకు చదువొచ్చు. చిన్నప్పుడు నల్లగొండలో మేనమామ దగ్గరుండి మిషను బడిలో నాలుగక్షరాలు నేర్చుకున్నాడు. అక్కడే బాప్తిస్మమూ తీసుకున్నాడు. ఇంట్లో ఒక బైబిలు ఉండేది గానీ పండుగలకు తప్ప దాన్ని విప్పింది లేదు. కూతుర్ని పూడ్చి వచ్చిన తర్వాత ఏం చేయాలో తోచక దాన్ని మొదటి పుట నుంచి చదవసాగాడు. మోషే ధర్మశాస్త్రం దగ్గరికి వచ్చేసరికి ఒకచోట అతని వేలు ఆగిపోయింది. దానంతట అది చచ్చినదాన్ని తినవద్దని అక్కడ రాసి ఉంది. ఎందుకు తినవద్దో కూడా ఉంది. మీరు దేవుడికి పవిత్రమైన జనం, అందుకని.

అతను ఆ పూట అన్నం ముట్టలేదు. ఈ మాట ముందే చదివి ఉంటే పిల్ల బతికేది కదా అని ఒక బాధ. ఇంకొకటి బాధో సంతోషమో అతనికే తెలియలేదు. ఊరు తమను దూరంగా పెట్టింది. ఎదురొస్తే పక్కకు జరుగుతారు, చేద తాకనివ్వరు, పైనుంచి నీళ్లు పోస్తే దోసిలి పట్టి తాగాలి. ఇక్కడ దేవుడు కూడా ఒక జనాన్ని వేరుగా పెడుతున్నాడు. కాకపోతే ఈ వేరు పెట్టడం తనకోసం. మీరు నావాళ్లు, కాబట్టి అందరిలాగా ఉండొద్దు అంటున్నాడు. కురుమయ్య ఆ మాటను తన మాటగా తీసుకున్నాడు.

ఆ రోజు నుంచి చచ్చిన గొడ్డును ముట్టనన్నాడు. తిననన్నాడు. లంద ఖాళీ చేసి బోర్లించాడు. ఏడో దినం పని చేయకూడదని ఉంది కనుక శనివారం వెట్టికి రానన్నాడు. అప్పుడప్పుడు పల్లెకు వచ్చే మిషను పంతులు ఇది విని కూర్చోబెట్టి మాట్లాడాడు. మన విశ్రాంతి దినం ఆదివారమని చెప్పాడు. ఆదివారమంటే మొదటి దినమే కదా, ఏడోది శనివారమే అవుతుంది కదా అని కురుమయ్య అడిగాడు. ఆ ధర్మశాస్త్రం యూదులకు ఇచ్చింది, మనకు కృప చాలు అని పంతులు నచ్చజెప్పబోయాడు.

"గా మాట వాళ్లకే చెప్పిందైతే నా బిడ్డ ఎందుకు సచ్చింది అయ్యగారూ?" అన్నాడు కురుమయ్య.

పంతులు దయగలవాడు. ప్రార్థన చేసి వెళ్లిపోయాడు.

గడి వాళ్లు ముందు నవ్వారు. తర్వాత కొట్టారు. కొట్టినా రాకపోయేసరికి, ఊళ్లో ఎవరూ కురుమయ్య ఇంటివాళ్లకు కూలి పని ఇవ్వకూడదని దొర చాటింపు వేయించాడు. కురుమయ్య వంతు వెట్టి మిగతా ఇళ్ల మీద పడింది కాబట్టి పల్లె వాళ్లకూ కోపం వచ్చింది. పెద్ద మాదిగ లింగస్వామి పంచాయితీ పెట్టి, ఆ ఇంటికి నిప్పు కూడా ఇవ్వొద్దన్నాడు. ఊరు వెలేసిన పల్లె కురుమయ్యను వెలేసింది.

భార్య ఈదమ్మ అతనితో తగువు పెట్టుకోలేదు గానీ మాట్లాడటం తగ్గించింది. గుట్టకు పోయి తుమ్మబంక, పరికిపండ్లు, ఏ ఆకు దొరికితే ఆ ఆకు తెచ్చేది. సాయంకాలం అతను గట్టిగా చదువుతుంటే గోడవైపు తిరిగి పడుకునేది. వింటున్నదో లేదో తెలిసేది కాదు. ముసలమ్మ సుక్కమ్మ మాత్రం ఎండాకాలం మొదలయ్యేసరికి లేవలేని స్థితికి వచ్చింది. పక్క ఇళ్ల ముందు తాళ్ల మీద మాంసం వరుగులు ఎండుతుంటే, ఆ వాసనకు కళ్లు మూసుకుని నోరు కదిలించేది.

ఒకనాడు కొడుకును దగ్గరికి పిలిచి, "ఒక్క ముక్క తెచ్చిపెట్టు కొడకా, నీ దేవునికి నేను చెప్పుకుంట" అంది.

తల్లిని గౌరవించమన్నదీ అదే ధర్మశాస్త్రం. కురుమయ్య బయటికి పోయి ఖాళీ లంద పక్కన కూలబడి ఏడ్చాడు. ఏ ఆజ్ఞను పట్టుకుంటే ఏది చేజారుతుందో అతనికి అర్థం కాలేదు. ముక్క తేలేదు. కలి నీళ్లు వెచ్చబెట్టి తాగించాడు. ఆమె మొహం తిప్పుకుంది.

గుర్వమ్మ అనే పిల్ల కురుమయ్య ఇంటికి వచ్చింది ఒక శనివారం పొద్దున. పల్లె అంతా గడి పొలాల్లో జొన్న కోతకు పోయింది. ఇంట్లో ఉన్నది ఈ ముగ్గురే. పదహారేళ్ల పిల్ల ఒకతె చెప్పుల్లేని కాళ్లతో, ముళ్లకు చిరిగిన చీరతో వాకిట్లోకి వచ్చి నిలబడింది. గడిలో దొరసానికి అరణంగా, పుట్టింటి పెళ్లి కానుకగా వచ్చిన ఆడబాప కూతురు ఆమె, తనూ ఆడబాపే. ఆడబాప అంటే పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా గడి సొత్తు. దొర కొడుకు గదికి పోనన్నందుకు అట్లకాడ కాల్చి వీపు మీద పెట్టారు. శనివారం పని చేయని మాదిగాయన ఒకడున్నాడని జీతగాళ్లు నవ్వుకుంటుంటే విన్నదట. గడి మనుషులు ఎవరూ మాదిగ గడప తొక్కరు గనుక ఇక్కడికైతే రారని ఆలోచించుకుని వచ్చింది.

"ఏరు దాటిస్తే సాలు అన్నా. ఆవలి ఒడ్డు ఇంగిలీషోళ్లదంట గద. ఆడ దొర చెయ్యి పడదంట," అంది.

కృష్ణ నది అక్కడికి ఒక పగలు నడక. నందికొండ దగ్గర బెస్తలు గుండ్రటి పుట్టి పడవలో దాటిస్తారు. కానీ ఊరి దారులన్నిటి మీదా అప్పటికే దొర మనుషులు ఉన్నారు. ఈదమ్మ లేచి, ఆ పిల్ల వీపు చూసింది. తీసుకుపోయి బోర్లించిన లందను ఎత్తి, ఆ పెద్ద కుండ కింద కూర్చోబెట్టి, ఊపిరాడేందుకు అంచు కింద రాయి పెట్టింది. గడి మనుషులు వచ్చి వాకిట్లో నిలబడి కర్రలతో కప్పు పొడిచి, ముక్కు మూసుకుని తిరిగి పోయారు.

వారం గడవకముందే, పిల్ల ఇంకా పగలంతా ఆ లంద కిందే దాగుతుండగా, దొర కురుమయ్యను పిలిపించాడు. గడి ముందర దుమ్ములో నిలబెట్టాడు. కొట్టించలేదు. తిట్టలేదు. అది కురుమయ్యను ఎక్కువ భయపెట్టింది.

"పిల్ల మీ పల్లెలనే ఉన్నది. నువ్వు ఎరుగుదువు," అన్నాడు దొర. "నేనేం జాలిలేనోన్ని గాను. పిల్లను పట్టియ్యి. ఇగ నిన్ను సచ్చిన గొడ్డు ముట్టమని ఎవ్వడు అడగడు. శనివారం నీది. మీ అమ్మకు జొన్నలు పంపిస్త. నీ దేవుడు చెప్పినట్టే బతుకుపో."

ఇంటికి నడుస్తూ లెక్కలు వేసుకున్నాడు. ఇన్నాళ్లు దెబ్బలు తిని అడిగినదంతా ఒక్క మాటకు వస్తుంది. పవిత్రంగా బతకొచ్చు. అమ్మ బతుకుతుంది. ఈదమ్మ తింటుంది. ఆ పిల్ల ఎవరు తనకు? తన కులమా, తన రక్తమా? పట్టిచ్చినా దొర ఆమెను చంపడు, తన పనికే పెట్టుకుంటాడు. ఇలా తనకు తాను చెప్పుకుంటూ వచ్చి, ఈదమ్మతో అంతా చెప్పి, బైబిలు విప్పాడు. చదవడానికి కాదు. దాసుల గురించి చాలా మాటలు ఉన్నాయని అతనికి గుర్తు. దాసులు యజమానికి లోబడాలని ఉన్నచోట వేలు పెట్టి, ఇదిగో అని తన మనసుకు చూపించుకుందామనుకున్నాడు. ఒక్క మాట దొరికితే చాలు.

వెతికాడు. పుటలు తడబడుతూ తిప్పాడు. అతనికి దొరికింది వేరే మాట. యజమాని దగ్గరనుంచి తప్పించుకుని నీ దగ్గరికి వచ్చిన దాసుణ్ణి తిరిగి ఆ యజమానికి అప్పగించవద్దు. తనకు ఇష్టమైన చోట నీ మధ్య ఉండనివ్వు. బాధపెట్టవద్దు.

తప్పు చదివానేమోనని మళ్లీ చదివాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. అది అలాగే ఉంది. పుస్తకం మూసేశాడు. చదవనట్టే ఉండిపోతే ఎవరికి తెలుస్తుంది అనిపించింది. వెనుక తల్లి మూలుగు వినిపిస్తోంది.

"ఏమున్నది గండ్ల?" అని ఈదమ్మ అడిగింది.

అతను పుస్తకాన్ని పక్కకు జరిపాడు. ఆమె మళ్లీ అడిగింది. అబద్ధమాడటం అతనికి చేతకాలేదు. చదివి వినిపించాడు. వినిపించి, దొర మాట వింటే అమ్మ బతుకుతుంది కదా అన్నాడు. అప్పుడతని గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది.

ఈదమ్మ వచ్చి పుస్తకం ముందు కూర్చుంది.

"సాలమ్మ సచ్చినంక సదివినవు గా మాట," అంది. "గీపారి ముందుగాల్నే సదివినవు."

కురుమయ్య పుస్తకం మూసి గూట్లో పెట్టాడు.

ఎలా తప్పించాలన్నది మిగిలింది. రేపు చెప్తానంటూ దొరకు గడువు మీద గడువు చెప్పుకొచ్చాడు. దారుల మీద ప్రతి బండినీ గడ్డిలోకి కర్రలు దింపి చూస్తున్నారు. ఆ శనివారం పొద్దున గడిలో ఒక ముసలి ఎద్దు చచ్చింది. దాన్ని నందికొండ బాట పక్కనున్న వాగు దాకా బండి మీద తీసుకుపోవాలని లింగస్వామికి కబురొచ్చింది. చచ్చిన గొడ్డు బండి దగ్గరికి ఎవరూ రారు. ఆ బండిలో పిల్లను దాచి దాటించవచ్చని కురుమయ్యకు తోచింది. చచ్చినదాన్ని ముట్టాలి. అదీ శనివారం నాడు.

మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థించబోయాడు. లేచి లింగస్వామి దగ్గరికి పోయి, ఇవాళ బండి నేను తోలుతాను అన్నాడు. లింగస్వామి అతని మొహం వైపు చూశాడు. వెలేసింది తానే. ఎందుకని మాత్రం అడగలేదు. గడి నుంచి ఎద్దును ఎక్కించుకుని తానే బండిని కురుమయ్య వాకిట్లోకి తోలుకొచ్చి, ఎడ్లకు నీళ్లు పెడతానని అటు తిరిగి నిలబడ్డాడు.

ఎద్దు పొట్ట అప్పటికే ఉబ్బింది. దాని వీపుకు ఆనించి గుర్వమ్మను పడుకోబెట్టి, పైన పచ్చితోలు కప్పారు. సుక్కమ్మ గడపలోకి పాకివచ్చి చూసింది. విషయం ఆమెకు తెలుసు, జొన్నల సంగతి కూడా తెలుసు. కొడుకు కాళ్లు పట్టుకోబోతే చెయ్యి విదిలించి, "పో. ఆ పిల్లకు ఎండ తగుల్తాంది," అంది.

పొలిమేర దగ్గర గడి కావలి చూసే సుంకరి సైదులు తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని బండి ఆపాడు. కురుమయ్యను చూసి ఆశ్చర్యపోయాడు, ఆ తర్వాత నవ్వాడు. మిగతావాళ్లను కూడా పిలిచి చూపించాడు. శనివారం పూట పవిత్రుడు పీనుగు బండి తోలుతున్నాడన్నాడు. కర్రతో తోలు అంచు మీద తడుతూ నిలబడ్డాడు.

"ఏందిర, నీ దేవుడు బువ్వ పెట్టలేదా?"

తోలు కింద ఆ పిల్ల ఊపిరి బిగబట్టడం కురుమయ్యకు తెలుస్తోంది. కర్ర ఇంకొంచెం కిందికి దిగితే అయిపోతుంది. తన దేవుణ్ణి ఇంతమంది ముందు తాకట్టు పెట్టాలి.

"పెట్టలేదన్నా," అన్నాడు. "ఆకలైతాంది."

వాళ్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వులోనే సైదులు కర్ర ఎత్తి, పొమ్మన్నాడు.

వాగు దగ్గర, బండి వెనకే నడిచి వచ్చిన లింగస్వామి ఎద్దును దింపుకుని అక్కడే ఉండిపోయాడు. కురుమయ్య, గుర్వమ్మ రాళ్ల గుట్టల మధ్యగా నడిచారు. పిల్ల కాళ్లు నెత్తురోడాయి. అతను తన తలగుడ్డ చించి కట్టాడు. మాట్లాడుకోలేదు. పొద్దు వాలుతుండగా నది కనిపించింది. ఎండకు సన్నబడి, బండల నడుమ పాయలుగా పారుతోంది. బెస్త ఆయనకు ఇవ్వడానికి అతని దగ్గర గొంగడి తప్ప ఏమీ లేదు. అదే ఇచ్చాడు. గుర్వమ్మ పుట్టి ఎక్కబోతూ వెనక్కి వచ్చి, నువ్వూ రా అన్నా, మళ్లా ఆడికి పోతే సంపుతరు అంది. ఇంట్లో అమ్మ ఉంది, ఈదమ్మ ఉంది అన్నాడు. పుట్టి గిరగిర తిరుగుతూ పాయలో పడింది. ఆవలి ఒడ్డున ఆ పిల్ల దిగి, చెయ్యి కూడా ఊపకుండా, వెనక్కి చూడకుండా పరుగెత్తింది. అలా పరుగెత్తినందుకు అతనికి హాయనిపించింది.

తర్వాత అతను ఒంటరిగా ఒడ్డున నిలబడ్డాడు. ఒంటినిండా పీనుగు వాసన. శనివారం చెడింది. దేవుణ్ణి నలుగురిలో చులకన చేశాడు. నేను ఇక ఎవరివాణ్ణి అనుకున్నాడు. అప్పుడు ఎన్నోసార్లు చదివి దాటిపోయిన ఒక మాట అతనికి తోచింది. చచ్చిన గొడ్డును ముట్టినవాడు బట్టలు ఉతుక్కోవాలి, సాయంత్రం దాకా అపవిత్రుడై ఉండాలి. సాయంత్రం దాకా. అంతే. ఊరి లెక్కన అతను తల్లి కడుపులో పడినప్పటి నుంచి కాటికి పోయేదాకా అంటరానివాడు. అక్కడ మాత్రం పొద్దుగూకేదాకానే.

అంగీ, ధోవతీ విప్పి బండ మీద ఉతికాడు. మెడలోతు నీళ్లలో కూర్చుని పడమటివైపు చూశాడు. సూర్యుడు గుట్టల వెనక్కి దిగేదాకా అక్కడే ఉన్నాడు. మోసిన మైల పోయింది. శనివారం సంగతి, నవ్వించిన సంగతి ఏ నీళ్లతో పోతాయో అతనికి తెలియలేదు. తడి బట్టలు కట్టుకుని ఇంటిదారి పట్టాడు.

మర్నాడు పల్లెకు చేరేసరికి అతని గుడిసె బూడిదగా ఉంది. బండితో పోయినవాడు తిరిగి రాలేదని తెలిసి ముందురోజు మధ్యాహ్నమే దొర మనుషులు వచ్చారు. లింగస్వామిని పొద్దువాలేదాకా ఎండలో నిలబెట్టినా, వాగు దగ్గర దిగిపోయిండు, ఎటు పోయిండో ఎరుగను అన్న మాట తప్ప ఏమీ రాలేదు. ఈదమ్మ మణికట్టు విరగ్గొట్టారు. ఇంటికి నిప్పు పెట్టారు. ఆమె ముసలమ్మను ఒక చేత్తో ఈడ్చుకొచ్చి తుమ్మచెట్టు నీడలో పడుకోబెట్టింది. బైబిలు కాలిపోయింది. సుక్కమ్మ ఆ చెట్టు కిందే పోయింది. చివరికి ఏమడిగిందని కురుమయ్య అడిగితే, ఏమీ అడగలేదు, కొడుకు వచ్చిండా అంది, అంతే అని ఈదమ్మ చెప్పింది.

అతను తల్లి పక్కన కూర్చుని ఉండగానే గడివాళ్లు వచ్చి పట్టుకుపోయారు. ఎక్కడ దాచావని అడుగుతూ కొట్టారు. ఏరు దాటిపోయిందని అతనే చెప్పాడు. ఆ మాట అతను దాచలేదు. దెబ్బలకు ఎడమ కన్ను పోయింది. సాయంత్రానికి, ఊరు విడిచి పొమ్మని బయటకు నెట్టారు.

వెలేసిన ఇల్లని, తల్లిని పూడ్చడానికి ఎవరూ రారనుకున్నాడు. లింగస్వామి పారతో వచ్చాడు. ఎండకు పొక్కిన మొహంతో గుంత తవ్వాడు. అతని వెనుక ఇంకొందరు వచ్చారు. మనుమరాలి పక్కనే ముసలమ్మను పూడ్చారు.

భార్యాభర్తలు పాలమూరు బాట పట్టారు. అక్కడ రైలు కట్టకు రాళ్లు కొట్టే పని దొరుకుతుందని ఎవరో చెప్పారు. తిండి లేదు. ఎండ. ఈదమ్మ విరిగిన చేతిని కొంగులో కట్టుకుంది. పుస్తకం లేదు గనుక, మరిచిపోతానేమోనన్న భయంతో కురుమయ్య నడుస్తూ నడుస్తూ గుర్తున్న ఆజ్ఞలను పైకి చెప్పుకోసాగాడు. తల మీద తగిలిన దెబ్బలకు మాటలు నిలవడం లేదు. ఒకచోట ఆగిపోయాడు. చేను కోసేటప్పుడు, చేను కోసేటప్పుడు అని అదే అంటున్నాడు. తర్వాతిది రావడం లేదు. అతనికి దుఃఖం పొంగుకొచ్చింది.

"అంచులు కొయ్యొద్దు," అంది ఈదమ్మ, ముందుకు చూస్తూ. "పడ్డ కంకులు ఏరుకోవద్దు. లేనోళ్లకు, పరాయోళ్లకు ఇడిసిపెట్టాలె."

అతను ఆశ్చర్యంగా ఆమె వైపు చూశాడు. ఆమె అతనికేసి చూడలేదు. బాటకు రెండు పక్కలా జొన్నచేలు గట్ల దాకా నున్నగా కోసి ఉన్నాయి. ఏరుకోవడానికి ఒక్క కంకి లేదు.

"తర్వాత ఏందో చెప్పు," అన్నాడు కురుమయ్య.

ఆమె చెప్పింది. కొంత దూరం పోయాక అతను ఆమె బాగున్న చేతిని పట్టుకున్నాడు. పాలమూరు ఇంకా చాలా దూరం ఉంది.